కత్తి పెట్టకూడని పుస్తకాలు

జూన్ 13, శుక్రవారం

ఈ డైరీకి పదో తరగతి సైన్సు గైడు అట్ట వేశాను. పరీక్షలైపోయాక ప్రపంచంలో ఎవ్వరూ ముట్టని పుస్తకం అదొక్కటే.

ఇంగ్లీషులో రాయడం నాకు సులువు. కానీ అమ్మ ఇంగ్లీషు నేర్చుకుంటోంది. చంపాపేట్ క్లినిక్‌లో రిసెప్షన్ సీటు ఇస్తామన్నారట. నేను ఇంగ్లీషులో ఏం రాసినా, చిత్తు కాగితమైనా సరే, తీసుకుని పైకి చదువుతుంది. మొన్న నా రఫ్ నోట్‌బుక్ పట్టుకుని "ఐ హేట్ మై లైఫ్ అంటే ఏందే ఏంజెల్?" అని అడిగింది. పాట అని చెప్పాను. అందుకే తెలుగు.

అమ్మా నాన్నా రేపు పొద్దున నల్గొండ వైపు పోతున్నారు, మేనత్త కొత్తింట్లో ప్రార్థనకి. సోమవారం వస్తారు. నానమ్మా నేనూ ఇంట్లో.

"కటింగ్ మిషన్ దిక్కు పోకు బిడ్డా" అన్నాడు నాన్న. రెండుసార్లు అన్నాడు.

పోను.

జూన్ 14, శనివారం

పోయాను.

ముందు నుంచి రాస్తాను. మా ఇంటి కింద గదే మా షాపు. బోర్డు మీద "కాంతమ్మ బైండింగ్ వర్క్స్, ఎల్బీ నగర్" అని ఉంటుంది. కాంతమ్మ అంటే మా నానమ్మ. ఆమెకి కుట్టడం రాదు, అతికించడం రాదు. కానీ బోర్డు మీద పేరుంది కాబట్టి వచ్చినవాళ్ళందరికీ తనే ఓనరునని చెప్తుంది.

నాకు మెట్రో ఎస్కలేటర్ అంటే భయం. కాలేజీలో అటెండెన్స్ పిలుస్తుంటే నా పేరు దగ్గరపడేకొద్దీ భయం. ఆటో అతన్ని "ఆపండి" అనడానికి భయపడి ఒకసారి వనస్థలిపురం దాకా వెళ్ళిపోయాను. ఆ గదిలో మాత్రం భయం వేయదు. మైదా జిగురు వాసన, మిషన్ చక్రం, గోడకి వరసగా సూదులు. పదేళ్ళ నుంచి నాన్న పక్కన కూర్చుని కుట్టడం నేర్చుకున్నాను. మిషన్ ఒక్కటే ముట్టనివ్వడు.

బల్ల మీద సూర్యప్రభ మేడం పుస్తకం ఉంది. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు, పెద్ద లాయరు. ఇరవై ఏళ్ళు తూర్పు ఆఫ్రికాలో పనిచేశారట. ఒక దేశం కంపెనీకీ ఇంకో దేశం కంపెనీకీ తగువొస్తే, కోర్టుకి పోకుండా ముగ్గురు మనుషుల్ని పెట్టుకుని తేల్చుకుంటారు. దాన్ని ఆర్బిట్రేషన్ అంటారు. ఆ ముగ్గురిలో ఒకరిగా ఈమెని ఇప్పటికీ వీడియోలో పిలుస్తారు. తూర్పు ఆఫ్రికాలో జరిగే ఇలాంటి తగువుల గురించే ఒక జర్నల్ ఉంది, మూడు నెలలకొకటి వస్తుంది. పన్నెండేళ్ళవి ఆమె దగ్గరున్నాయి. ముందు ఒక్క ఏడాదివి, నాలుగు సంచికలు, కలిపి బైండు చేయమని ఇచ్చారు. బాగుంటే మిగతావీ ఇస్తారు. జూలై పదికి కావాలి. పదకొండున ఆమెకేదో పెద్ద హియరింగు ఉందట.

నాన్న నాలుగూ కలిపి కుట్టి, వీపుకి జిగురు పెట్టి ఆరబెట్టి వెళ్ళాడు. అంచులు కత్తిరించలేదు. మర్చిపోయాడు పాపం అనుకున్నాను. వచ్చేసరికి చేసి ఉంచితే ఎంత సంతోషపడతాడు!

చక్రం తిప్పాను. కత్తి దిగింది. వెన్నలో దిగినట్టు. ఎంత బాగుందో!

కొంచెం వంకర వచ్చింది. ఇంకోసారి తిప్పాను. ఇప్పుడు తిన్నగా ఉంది. అద్దంలా ఉంది అంచు.

కత్తిరించిన చీలికలన్నీ గోనెసంచిలో వేశాను. మధ్యాహ్నం లచ్చమ్మత్త వచ్చి సంచి ఎత్తుకుపోయింది. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో బండి మీద పింగాణీ కప్పులు అమ్ముతుంది. కప్పులు పగలకుండా మధ్యలో మా చీలికలు కూరుతుంది. బదులుగా అప్పుడప్పుడు ఒక కప్పు ఇస్తుంది. అందుకే మా ఇంట్లో ఏ రెండు కప్పులకీ జత కుదరదు.

నేను ఇవాళ అస్సలు భయపడలేదు.

జూన్ 15, ఆదివారం

చచ్చాను.

చర్చి నుంచి వచ్చి అట్ట వేద్దామని పుస్తకం తెరిచాను. పేజీల అంచుల్లో రాతలున్నాయి. నీలం సిరా, తెలుగు, గొలుసుకట్టు. జర్నలంతా ఇంగ్లీషు, పక్కన రాతలు తెలుగు. అంచు దాకా రాశారు. ఇప్పుడు ఆ అంచు లేదు.

"ఈ వాదన ఒట్టి" అని ఒకచోట. అంతే. ఒట్టి ఏమిటో తెగిపోయింది.

"వీళ్ళని ఓడకెక్కించి" అని ఇంకోచోట.

లెక్కపెట్టాను. యాభై ఎనిమిది.

బైబిళ్ళకి నాన్న ఎప్పుడూ కత్తి పెట్టడు. వాటిలో జనం పెళ్ళిళ్ళూ పుట్టుకలూ మొక్కులూ రాసుకుంటారు. "ఒకరి చెయ్యి పడ్డ పుస్తకానికి మన కత్తి పడొద్దు" అంటాడు. కత్తి పెట్టకూడని పుస్తకంలో గుర్తుగా ఎర్ర దారం పెడతాడు. దీనికి ఏ గుర్తూ పెట్టలేదు. అది నాన్న తప్పు. గుర్తు పెట్టి ఉంటే నేనెందుకు కోస్తాను?

జూన్ 16, సోమవారం

వచ్చారు. "దీనికి అట్ట నేనేస్తా నాన్నా, బంగారు అక్షరాలు కూడా నేనే" అన్నాను. కాలేజీల రికార్డు పుస్తకాలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. నాన్న తల కూడా ఎత్తలేదు. "ఎయ్ బిడ్డా, నీకే అప్పజెప్పిన" అన్నాడు.

ఆ మాట వినకపోతే బాగుండేది.

పుస్తకం నా బట్టల పెట్టెలో అడుగున ఉంది.

జూన్ 17, మంగళవారం

కాలేజీ నుంచి తిన్నగా లచ్చమ్మత్త బండి దగ్గరికి. మెట్రో పిల్లర్ కింద, చెప్పుల షాపు ముందు. చుట్టూ కోచింగ్ సెంటర్ల పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ పోతున్నారు. పావుగంట చెప్పుల షాపులో చెప్పులు చూస్తున్నట్టు నిలబడ్డాను.

"ఏందే ఏంజెలూ, గా చెప్పులు మొగోళ్ళయి" అంది లచ్చమ్మత్త.

అప్పుడు అడిగాను, శనివారం సంచి కావాలని.

"సంచా? అగో, డబ్బాలల్ల కూరిన గద! పదకొండు డబ్బాలు. ఏం, బంగారం వడ్డదా అండ్ల?"

"కాలేజీ ప్రాజెక్టు అత్తా."

"చెత్త మీద గూడ ప్రాజెక్టులిస్తున్నరా? మంచిగున్నది సదువు." నా మొహం కొంచెంసేపు చూసింది. "సరే. నువ్వే ఇప్పు, నువ్వే మల్ల పేపర్ వెట్టి సర్దు. కప్పు పగిల్తె ఊకోను. ఇంకొకటి. నాకు గొంతు కూసున్నది. కప్పులు ఇప్పుకుంట ఒర్రాలె."

"ఒర్రుడా?"

"ఒర్రకపోతె ఎవడు కొంటడే?"

జూన్ 18, బుధవారం

ఒర్రాను.

మొదట నా నోట్లోంచి వచ్చింది "ఎక్స్‌క్యూజ్ మీ, కప్స్" అని. అదీ ఎదురుగా ఉన్న ఆమెకే వినపడనంత మెల్లగా.

లచ్చమ్మత్త పొట్ట పట్టుకుని నవ్వింది. "గట్ల పిలిస్తె కప్పులు గాదే, ఏదో ఆఫీసుల ఇంటర్వ్యూ అనుకుంటరు. కడుపులకెళ్ళి రావాలె. నీ సామాన్లు ఎవడో ఎత్కపోతుండు అనుకొని ఒర్రు!"

నా సామాన్లు నిజంగానే ఎత్తుకుపోయారు కదా. ఆ చీలికలు గుర్తొచ్చాయి. "కప్పులూ! కప్పులూ! జతకి జత కప్పులూ!" అని అరిచాను. రోడ్డు అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. మా ఫిజిక్స్ సార్ కూడా.

రెండు డబ్బాలు ఇప్పాను. ఒక్కో కప్పులోంచి ఒక్కో గుప్పెడు. నీలం సిరా అంటిన ముక్క దొరికితే టిఫిన్ బాక్సులో వేసుకున్నాను. ఇవాళ ఏడు.

రెండుసార్లు కోశాను కాబట్టి ఒక్కో మాట రెండు ముక్కలైంది. అద్దంలాంటి అంచు కావలసొచ్చింది నాకు.

జూన్ 20, శుక్రవారం

పందొమ్మిది. ఆరు కప్పులు అమ్మాను. ఒకటి పగిలింది. "దిష్టి పోయింది" అంది లచ్చమ్మత్త. ఊకోనంది కానీ ఊకుంది.

జూన్ 21, శనివారం

ఒక డబ్బా మలక్‌పేటలో చాయ్ హోటల్ వాళ్ళు గురువారమే కొనుక్కుపోయారట. ఒక్కదాన్నే బస్సెక్కి పోయాను. గల్లా దగ్గర తాతకి హిందీలో చెప్పడానికి దారంతా వాక్యం తయారు చేసుకుని, తీరా నిలబడ్డాక "కాగజ్" అని ఆగిపోయాను. ఆయన లోపలికి కేకేసి కనుక్కున్నాడు. ఆ చెత్త ఎప్పుడో పోయింది. "పరేషాన్ మత్ హో బేటీ" అని ఓదార్చి చాయ్ ఇచ్చాడు, మా కప్పులోనే.

ఆ డబ్బాలోవి ఇక రావు. ఎన్ని పోయాయో తెలియదు. రెండో మూడో అయ్యుంటాయి. ఎవరూ చూడని పేజీలవే అయ్యుంటాయి.

జూన్ 22, ఆదివారం

అతికించడం కష్టం కాదు. బైబిళ్ళ చిరుగులకి వాడే పల్చటి తెల్ల కాగితం ఉంది. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తే జిగురు. టేపు మాత్రం వాడకూడదు. మా ఇంట్లో టేపు అన్న మాటే బూతు.

కష్టమంతా చదవడమే. ఏ తోక ఏ మాటదో తెలియాలి. అచ్చు తెలుగైతే చదువుతాను. ఈ గొలుసుకట్టులో అక్కడో మాట ఇక్కడో మాట తప్ప నా వల్ల కాదు. ఇంట్లో ఇంత పాత రాత చదవగలిగింది నానమ్మ ఒక్కతే. ఆమె రోజూ బైబిలు పైకి చదువుతుంది, పాడినట్టు సాగదీసి. ఏది చదివినా బైబిలు భాషలోకి మారిపోతుంది, వేరే రకంగా చదవడం ఆమెకి రాదు.

"నానమ్మా, కాలేజీ ప్రాజెక్టు. ఇది చదివి పెట్టవా?"

కళ్ళద్దాలు పెట్టుకుంది. తల మీద కొంగు కప్పుకుంది. మొదలుపెట్టింది.

"ఈ... మధ్యవర్తీ... నాలుగు దినములూ... నిద్రపోయి యుండెనూ... కాబోలూ..."

నేను దిండు కొరుక్కున్నాను.

"జీడిపప్పు... తడిసినదో లేదో... తేల్చుటకూ... నలువది పేజీలా..." నానమ్మ ఆగింది. "ఇది ఏ గ్రంథమే?"

"ఆఫ్రికాది నానమ్మా."

ఆ వ్యాసం నేను ఇంగ్లీషులో చదివాను. ఓడలో పచ్చి జీడిగింజలు పంపారు. కొన్నవాళ్ళు తడిసిపోయి వచ్చాయన్నారు, అమ్మినవాళ్ళు ఎక్కించినప్పుడు ఎండుగానే ఉన్నాయన్నారు. ముగ్గురు మధ్యవర్తులు మూడు దేశాల్లో కూర్చుని ఏడాదిన్నర విచారించారు. పక్కన మేడం రాసిన దాని తోక నా టిఫిన్ బాక్సులో దొరికింది. రెండూ కలిపితే: "ఒక్కరైనా గోడౌనుకి వెళ్ళి ఒక గింజ నోట్లో వేసుకుని ఉంటే సరిపోయేది."

ఆమె ఎంత సరదా మనిషి! చదివేకొద్దీ ఇంకా పాపం అనిపించింది. ఆమె మీద కాదు, నా మీద.

నానమ్మ చివరికి ముక్కలన్నీ చూసింది. "కాలేజోళ్ళు గిట్ల కోసి ఇస్తరా?" అంది.

"అవును, అది పజిల్."

"ఓహో" అంది. మళ్ళీ కొంగు సర్దుకుని చదివింది.

జూన్ 29, ఆదివారం

నలభై.

అమ్మ నా కాలేజీ బ్యాగులో టిఫిన్ బాక్సు తెరిచింది. కాగితం ముక్కలు. "డైటింగా?" అంది.

నానమ్మ చదువుతూ తన బైబిల్లో గుర్తు పెట్టుకోడానికి ఒక చీలిక తీసుకుంది. వద్దని లాక్కోబోతే బైబిలు కింద పడింది. చివర్లో ఎలుక కొరికిన పేజీ ఒకటి ఉంది, అక్కడ తెరుచుకుంది. తాత ఆ పేజీలో పిల్లలు పుట్టిన తేదీలు రాశాడట. నాన్నది ఎలుక తినేసింది. అందుకే మా ఇంట్లో నాన్న పుట్టినరోజంటూ లేదు. ఆధార్‌లో జనవరి ఒకటి, బడిలో సారు తనకి తోచింది రాసేశాడు. నాన్న గదిలోకి వచ్చి, కింద పడ్డ బైబిలు చూసి, నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నా చేతిలో చీలికలు చూశాడేమో.

చూడలేదు. చూస్తే అడిగేవాడు.

జూలై 5, శనివారం

డబ్బాలైపోయాయి. నలభై తొమ్మిది దొరికాయి. తొమ్మిది లేవు. చాయ్ హోటల్ డబ్బాలోవి రెండో మూడో కాదన్నమాట.

లచ్చమ్మత్త "పనైపోయినా అప్పుడప్పుడు ఒచ్చి ఒర్రు, నీ గొంతుకు గిరాకీ ఉన్నది" అంది.

జూలై 7, సోమవారం

దొరకని తొమ్మిదిలో ఎనిమిది చిన్నవి. ఒకటి మాత్రం చాలా పెద్ద వ్యాసం పక్కన ఉంది. ఒక మధ్యవర్తి గురించి. ఆయన వెనకెప్పుడో ఒక పక్షం వాళ్ళకి లాయరుగా ఉన్నాడట. ఆ సంగతి చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు అన్నాడు. మూడేళ్ళ విచారణ కొట్టేశారు. ఆర్బిట్రేషన్‌లో కూర్చునేవాళ్ళు తమ మీద అనుమానం రాగల సంగతి ఏదున్నా, ఎవరూ అడగకముందే బయటపెట్టాలట.

పక్కన మేడం రాత: "అడగకముందు చెప్పిందే చెప్పడం. అడిగాక చెప్పేది"

అంతే. తోక లేదు.

మేడం సిరా రంగు పెన్ను కాలేజీ స్టేషనరీలో పది రూపాయలు. తెల్ల కాగితం ముక్క మీద ఆమె గొలుసుకట్టులో ఒకే ఒక్క మాట రాశాను. ఇరవై సార్లు ప్రాక్టీసు చేశాక. అతికించాను. బాగా కుదిరింది. ఎవరూ కనిపెట్టలేరు. ఇది మోసం కాదు, రిపేరు.

జూలై 8, మంగళవారం

రిపేరే.

జూలై 9, బుధవారం

అట్ట వేశాను. ముదురాకుపచ్చ. బంగారు అక్షరాలు తిన్నగా పడ్డాయి. అతికింపుల వల్ల అంచు వైపు కొంచెం లావుగా ఉంది, అన్నం తిన్న పొట్టలా. రేపు నాన్నతో కలిసి ఇచ్చి రావాలి.

ఒకటి రాయాలి. ఎర్ర దారం ఉంది.

పద్నాలుగో తేదీన పుస్తకంలో ఎర్ర దారం ఉంది. చూశాను. బైబిల్లోంచి జారిపడిందేమోలే అనుకుని తీసి కిటికీ మీద పెట్టాను. మిషన్ తిప్పాలని ఎంత ఆశగా ఉందంటే, అలా అనుకోవడం ఒక్క సెకనులో అయిపోయింది. పదిహేనో తేదీన నాన్న గుర్తు పెట్టలేదని రాశాను. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. నాకే అబద్ధం చెప్పుకున్నాను.

ఆ దారం ఇప్పుడు ఈ పేజీలో ఉంది.

రేపు మేడం పుస్తకం తెరుస్తారు. తెరిచి అడుగుతారు. లేకపోతే అడగరు, ఎప్పటికీ కనిపెట్టరు. రెంటిలో ఏది ఎక్కువ భయమో తెలియడం లేదు. నాన్న ఇక నన్ను ఆ గదిలోకి రానివ్వకపోతే నేనెక్కడ కూర్చోవాలి?

జూలై 10, గురువారం

స్కూటర్ మీద పోయాం. పుస్తకం నా ఒళ్ళో. దిల్‌సుఖ్‌నగర్‌లో మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కుతూ తయారు చేసుకున్న వాక్యం రెండో అంతస్తులో మర్చిపోయాను.

సూర్యప్రభ మేడం పొట్టిగా, గుండ్రంగా, పెద్ద కళ్ళద్దాలతో ఉన్నారు. బల్ల మీద గిన్నెలో జీడిపప్పు. "రండి సుందరయ్య గారూ. ఈవిడెవరు, అసిస్టెంటా? తీసుకోమ్మా, తడిసినవి కాదులే" అన్నారు. ఆమెకి తెలియదు నాకు ఆ జోకు తెలుసని.

పుస్తకం అందుకోడానికి చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు.

"మేడం, మీరు తెరవకముందు నేనొకటి చెప్పాలి."

చెప్పాను. మొదట "ఎక్స్‌క్యూజ్ మీ, కప్స్" అన్నంత మెల్లగా వచ్చింది. సామాన్లు ఎవడో ఎత్తుకుపోతున్నాడనుకున్నాను. అప్పుడు మరీ గట్టిగా వచ్చింది. పక్క ఫ్లాటు తలుపు తెరుచుకుంది. మిషన్, రెండు కోతలు, కప్పులు, చాయ్ హోటల్, నానమ్మ, దారం. అన్నీ.

నాన్న హెల్మెట్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మేడం కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "ఎన్ని?"

"యాభై ఎనిమిది తెగాయి. నలభై తొమ్మిది అతికించాను. ఎనిమిది దొరకలేదు. ఒకటి... నేను రాశాను."

"నువ్వు రాశావా? నా చేతిరాతతోనా?"

"అవును మేడం."

"ఏదీ, చూపించు."

పేజీ తీసి ఇచ్చాను. ఆమె పైకి చదివారు. "అడగకముందు చెప్పిందే చెప్పడం. అడిగాక చెప్పేది దొరికిపోవడం." వేలితో ఆ అతుకు తడిమారు. "నేను ఇది రాయలేదు."

"లేదు మేడం."

"ఏదో రూలు నంబరు రాసుకునుంటాను. నాకింత తెలివెక్కడిది?" అన్నారు. నవ్వలేదు. తర్వాత పేజీలు తిప్పుతూ తిప్పుతూ నిద్రపోయిన మధ్యవర్తి దగ్గర ఆగి ఫక్కున నవ్వారు. "అయ్యో, ఈయన! ఎంత గురక పెట్టేవాడనీ!"

అంతలోనే పుస్తకం మూసి నాకేసి చూశారు. "నాకు కోపం రాలేదనుకుంటున్నావేమో. వచ్చింది. ఆ ఎనిమిదీ ఏమిటో గుర్తు తెచ్చుకోడానికి ఇవాళంతా నా బుర్ర బద్దలవుతుంది. రేపు పొద్దున్నే హియరింగు."

"సారీ మేడం."

"సారీలు హియరింగులో పనికిరావు. కూర్చో. ఆ ఎనిమిది పేజీలూ తియ్యి. ఆ వ్యాసాలన్నీ చదివావు కదా, ఏముందో చెప్పు. వింటే నాకే గుర్తొస్తుంది."

రెండు గంటలు కూర్చున్నాం. అయిదు గుర్తొచ్చాయి. ఆమే స్వయంగా రాశారు. ఆరోదాని దగ్గర "పోనీలే, అది కోపంలో రాసినట్టుంది, పోవడమే మంచిది" అన్నారు. రెండు పోయినట్టే. నేను రాసినదాన్ని మాత్రం పీకనివ్వలేదు. దాని కింద పెన్సిల్‌తో "ఇది ఏంజెల్ మాట" అని రాసి సంతకం పెట్టారు.

వచ్చేటప్పుడు నాన్నతో అన్నారు: "మిగతా పదకొండేళ్ళవీ తీసుకెళ్ళండి. కత్తి పెట్టొద్దు. దారం చాలదు, ఈసారి తాడు కట్టండి."

నాన్న ఆ కట్ట స్కూటర్ ముందు పెట్టుకుని బండి తీశాడు. దారంతా ఏమీ అనలేదు.

జూలై 11, శుక్రవారం

ఇవాళ నాన్న షాపుకి రమ్మనలేదు. షాపులోకి నేను పోలేదు.

జూలై 12, శనివారం

మెట్ల మీద కూర్చుని చూశాను. నాన్న మిషన్ తుడుస్తున్నాడు. శుభ్రంగానే ఉంది. అయినా తుడుస్తున్నాడు.

జూలై 13, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక నాన్న నానమ్మ బైబిలు తీసుకుని నా ముందు కూర్చున్నాడు. నానమ్మ మంచం మీద ఉంది, అమ్మ కూర తరుగుతోంది.

చివరి పేజీ తెరిచాడు. తాత రాత. "సుందరయ్య. 1976 జులై 2" అని ఉంది. ఆ 2 తర్వాత కాగితం లేదు.

"ఎలుక గాదు బిడ్డా" అన్నాడు నాన్న. "నేనే."

పదిహేడేళ్ళప్పుడు మలక్‌పేటలో బైండింగ్ షాపులో పని నేర్చుకుంటున్నాడట. నానమ్మ బైబిలు వీపు ఊడిపోయిందని, చెప్పకుండా తీసుకుపోయి కొత్త అట్ట వేసి తెచ్చి ఇద్దామనుకున్నాడు. అంచులు అద్దంలా కోశాడు. ఇంటికొచ్చి చూసుకుంటే తేదీ చివర కాగితం లేదు. అసలు తేదీ ఎంతో అంతకుముందు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. భయపడి ఎలుక కొరికిందని చెప్పాడు. ముప్పై ఏళ్ళు దాటింది.

"గందుకే ఎర్ర దారం" అన్నాడు. "నువ్వు గామె ముంగట చెప్తుంటె నాకు గీ పేజీ యాదికొచ్చింది. నా బిడ్డకున్న ధైర్యం నాకు లేకపాయె." తర్వాత మంచం వైపు తిరిగాడు. "అమ్మా, ఎలుక గాదే. నేనే కోసిన."

నానమ్మ కళ్ళద్దాలు కూడా పెట్టుకోలేదు.

"ఎలుక కొరికితె గంత సాపుగ ఉంటదారా? కాంతమ్మ బైండింగ్ వర్క్స్ ఓనర్‌ని. కత్తి కోత నాకు తెల్వదా?"

"మరి ఇన్నేండ్లు అడగకపోతివి?"

"నువ్వే చెప్తవని చూసిన. జర లేటైంది."

అమ్మ కత్తిపీట వదిలేసి నవ్వింది. నాన్న తల దించుకుని నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు మొదలైంది తగువు. నాన్న "జులై 2 అని ఉన్నది గద, గదే నా పుట్టినరోజు" అంటాడు. నానమ్మ "కాదు, ఇర్వైలల్లనే, తర్వాత ఇంకో అంకె ఉండె" అంటుంది. గొంతులు పెరిగాయి. "మీ ఇద్దరూ ఒప్పుకుంటే నేను తేలుస్తా" అన్నాను. "రాసిస్తవా?" అంది నానమ్మ. రాసిస్తానన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. నకలు ఇక్కడ ఉంచుతున్నాను.

మధ్యవర్తి తీర్పు

వాది: కాంతమ్మ. ప్రతివాది: సుందరయ్య. మధ్యవర్తి: ఏంజెల్, ఒక్కతే.

మొదట మధ్యవర్తి ఎవరూ అడగకముందే బయటపెడుతున్న సంగతి: ఇరువర్గాలూ నాకు చుట్టాలు. తేదీ ఏదైనా కేకు తింటాను. నిరుడు ప్రతివాది పర్సులోంచి మెట్రో కార్డుకని తీసుకుని ఐస్‌క్రీమ్ తిన్నాను. ఇరువర్గాలూ అభ్యంతరం లేదన్నారు. ఐస్‌క్రీమ్ సంగతి వేరే చూసుకుందామని ప్రతివాది అన్నారు.

వాది సాక్ష్యం: "వీడు పుట్టిన తెల్లారి ఆదివారం. నేను గుడికి పోలేకపోతె పాస్టరయ్యనే ఇంటికొచ్చి ప్రార్థన జేసిండు. వాన. గొడుగు మర్సిపోయి పోయిండు. పదేండ్లు వాడుకున్నం."

ప్రతివాది సాక్ష్యం: "నాకేం యాదికుంటది, అప్పుడే పుడితి."

మధ్యవర్తి ఫోనులో 1976 క్యాలెండరు చూసింది. తెల్లవారితే ఆదివారం అంటే పుట్టింది శనివారం. జూలై 2 శుక్రవారం. కాబట్టి అది కాదు. 20 నుంచి 29 దాకా శనివారం ఒక్కటే, 24. పేజీ మీద మిగిలిన 2 పక్కన 4 పట్టేంత జాగా తెగిందని బైండింగ్ తెలిసిన మధ్యవర్తి స్కేలు పెట్టి చూసింది.

తీర్పు: సుందరయ్య పుట్టినది 1976 జూలై 24. అప్పీలు లేదు. గొడుగు ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేదు.

నాన్న మూడుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపటిసంది కాలేజ్ అయినంక షాపుకు రా. చక్రం తిప్పుడు నేర్పుత. తిప్పెముందు ప్రతి పేజీ సూడాలె. ఇద్దరం సూద్దాం" అన్నాడు.

జూలై 24, గురువారం

నాన్నకి నలభై తొమ్మిదేళ్ళకి మొదటి పుట్టినరోజు. లచ్చమ్మత్త ఆరు కప్పులు తెచ్చింది, ఆరూ జతే, మా ఇంట్లో మొదటిసారి. సూర్యప్రభ మేడం రాలేదు కానీ కిలో జీడిపప్పు పంపించారు. అమ్మ "హ్యాపీ బర్త్‌డే టు మై డియర్ హస్బెండ్" అని అందరి ముందూ తప్పు లేకుండా చెప్పి తనే సిగ్గుపడింది.

కేకు మీద "సుందరయ్య" అని రాయించాం. బేకరీ అతను పెద్ద పెద్ద అక్షరాలు రాశాడు. చివరి "య్య" అంచు దాకా వచ్చి, పక్కకి కూడా కొంచెం దిగింది.

నాన్న కత్తి పట్టుకున్నాడు. వంగి చుట్టూ చూశాడు. నా వైపు చూశాడు. కత్తి పక్కన పెట్టేశాడు.

స్పూన్లతో తిన్నాం.